తీవ్ర స్థూలకాయం: అమెరికాలో వైకల్య భృతి
ఎత్తుతో పోల్చి బరువును చూపే సూచిక బీఎంఐ 40 గానీ అంతకు మించి గానీ ఉంటే తీవ్ర స్థూలకాయం అంటారు. మోకీళ్ల అరుగుదల, మధుమేహం, నిద్రలో ఊపిరి ఆగడం తరచూ దీని వెన్నంటే వస్తాయి. అమెరికా సామాజిక భద్రతా సంస్థ 1999లో స్థూలకాయాన్ని వైకల్యాల జాబితా నుంచి తీసేసింది. అంతమాత్రాన భృతికి దారి మూసుకుపోలేదు. 2019 నాటి మార్గదర్శకం ప్రకారం, మిగతా జబ్బులతో కలిపి స్థూలకాయం ప్రభావాన్ని చూడాలి. తూకం కన్నా రోజువారీ పనే ఇక్కడ కీలకం: మనిషి ఎంతసేపు నిలబడగలడు, వంగి నేలమీది పెట్టె ఎత్తగలడా, పగలు కునికిపాట్లు పడుతున్నాడా. డాక్టరు బరువొక్కటే రాసి ఇవన్నీ వదిలేస్తే, నిజంగా పని చేయలేనివారికీ అన్యాయమే జరుగుతుంది. ఇబ్బంది కనీసం 12 నెలలు ఉండాలి, లేదా ఉంటుందని తేలాలి. ఇక భారత్ విషయానికొస్తే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాల్లో స్థూలకాయం లేదు.