మురుగు దారి మళ్లిన చరిత్ర: కార్ఖానా నుంచి మూసీ దాకా

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోని పాత పేటల్లో కార్ఖానా ఒకటి. పికెట్, తిరుమలగిరి దీని ఇరుగుపొరుగు. ఈ చుట్టుపక్కల కురిసిన వాననీరు, ఇళ్ల మురుగు పికెట్ నాలాలో చేరి, రసూల్‌పుర బస్తీలను ఒరుసుకుంటూ హుస్సేన్‌సాగర్ వైపు పోతాయి. కూకట్‌పల్లి, బంజారా, బల్కాపూర్ నాలాల గమ్యం కూడా ఆ చెరువే. సాగర్ నుంచి పొంగిన నీరు మూసీలోకి, మూసీ నీరు నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలోకి వెళతాయి. జంటనగరాల మలినం రెండు వందల ఏళ్లుగా ఎవరి వాకిటి ముందు నుంచి పోయిందో, ఎవరి వాకిట ఆగిందో ఈ నీటి దారిని పట్టుకుని వెళితే తెలుస్తుంది.

హుస్సేన్‌సాగర్‌ను 16వ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో తవ్వించారు. అది తాగునీటికీ సాగుకూ అక్కరకొచ్చిన చెరువు. 1798లో నిజాంతో కుదిరిన సైన్య సహకార ఒప్పందం తర్వాత దానికి ఉత్తరాన బ్రిటిష్ దండు స్థిరపడింది. 1806లో ఆ దండు ఊరికి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. కలరా, మలేరియాలతో సైనికులు పెద్ద సంఖ్యలో చనిపోతుండడంతో ఇంగ్లండ్ ప్రభుత్వం రాయల్ కమిషన్ వేసింది. 1863లో దాని నివేదిక వెలువడిన తర్వాత భారతదేశంలోని కంటోన్మెంట్లలో పారిశుద్ధ్యం మీద కట్టుదిట్టమైన నిఘా మొదలైంది. రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించింది కూడా ఈ దండు ప్రాంతంలోనే, బేగంపేటలో. అయితే ఈ జాగ్రత్తంతా ముందుగా సైనికుడి కోసం. దొడ్ల మలినాన్ని ఎత్తి, మోసి, ఊరి బయట పారబోసే పని దళిత కులాల మీద పడింది. శుభ్రత ఒకరికి, దాని బరువు మరొకరికి అనే పంపకం అప్పుడే స్థిరపడింది. పాకీపనిని నిషేధిస్తూ దేశంలో చట్టం రావడానికి 1993 దాకా, దాన్ని పటిష్ఠం చేయడానికి 2013 దాకా పట్టింది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల ప్రాణాలు తీసింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో నగరానికి ఎగువన మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (1920), ఈసా వాగు మీద హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి. వీటితో వరద ముప్పు తగ్గింది, తాగునీరు దొరికింది. మరోపక్క, ఎగువన మంచినీరు ఆపుకుని దిగువకు మురుగు వదలడం నగరానికి అలవాటయింది. వేసవిలో ఊరి నడుమ మూసీలో పారేదంతా క్రమంగా మురుగే అయింది.

స్వాతంత్ర్యం తర్వాత ఈ మురుగులో రసాయనాలు కలిశాయి. 1961లో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్ బాలానగర్ దగ్గర మందుల కర్మాగారం పెట్టింది. అక్కడ పని నేర్చిన శాస్త్రవేత్తలు, ఇంజినీర్లు తర్వాత సొంత కంపెనీలు పెట్టారు. బల్క్ డ్రగ్స్‌కు దేశంలోనే పేరుపడిన కేంద్రంగా హైదరాబాద్ ఎదిగింది. బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామికవాడల వ్యర్థజలం కూకట్‌పల్లి నాలాలో పడి హుస్సేన్‌సాగర్‌కు చేరింది. 1989లో జీడిమెట్లలో ఉమ్మడి శుద్ధి కేంద్రం ఏర్పడే నాటికే చెరువు కంపుకొడుతోంది.

ఈ కథలో బాగా నష్టపోయిన ఊళ్లు నగరానికి వాయవ్యంగా, పటాన్‌చెరు చుట్టూ ఉన్నాయి. మెదక్ వెనుకబడిన జిల్లా కావడంతో రాయితీలిచ్చి అక్కడికి పరిశ్రమలను రప్పించారు. 1970ల చివరి నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం పారిశ్రామికవాడలు విస్తరించాయి. మందులు, పురుగుమందులు, రంగులు తయారుచేసే కంపెనీలు వ్యర్థజలాన్ని కుంటల్లోకి, వాగుల్లోకి వదిలాయి. అది ఇస్కవాగు, నక్కవాగుల గుండా మంజీరలో కలిసింది. వాగు నీటితో తడిసిన వరి చేతికి రాలేదు. బోర్ల నుంచి రంగు నీళ్లు వచ్చాయి, గొడ్లు చచ్చాయి, ఒళ్లంతా దురదలతో జనం దవాఖానాలకు తిరిగారు. భూములున్న రైతులు పొలాలు పడావు పెట్టుకున్నారు. భూమి లేని కూలీలకు ఆ ఊళ్లలో పనే లేకుండా పోయింది. చేపల మీద బతికేవారికి చెరువులు ఉండీ లేనట్టే అయ్యాయి.

ప్రతిఘటన 1980ల్లోనే మొదలైంది. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ రోగాలకూ నీటికీ ఉన్న లంకెను గమనించిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు ఈ పోరాటంలో ముఖ్యులయ్యారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అనే సంస్థ సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. కోర్టు నష్టాన్ని లెక్కగట్టించి, రైతులకు పరిహారం చెల్లించాలనీ, ఊళ్లకు మంచినీరు అందించాలనీ ఆదేశించింది. 2001లో కేసు రాష్ట్ర హైకోర్టుకు బదిలీ అయింది. అక్కడి నుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లి, 2017లో అక్కడ తీర్పు వచ్చింది. వ్యాజ్యం వేసిన నాడు పుట్టిన బిడ్డకు తీర్పు నాటికి ఇరవై ఏడేళ్లు. పరిహారం కూడా పంట నష్టాన్నే ప్రధానంగా కొలిచింది. కూలి పోయినవారు, జబ్బుపడినవారు ఆ కొలతలో సరిగా ఇమడలేదు.

1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం ఏర్పడింది. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలం ట్యాంకర్లలో అక్కడికి వచ్చేది. స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఆ కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరు నీటిలో గరిష్ఠంగా 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో కూడా అంత మోతాదు ఉండదు. ఇలాంటి నీటిలో మందుకు లొంగని సూక్ష్మజీవులు తయారవుతాయన్న ఆందోళనతో పటాన్‌చెరు పేరు ప్రపంచ వైద్య పత్రికలకెక్కింది. ఇక్కడ తయారైన చౌక మందులతో ఎన్నో దేశాల్లో రోగాలు నయమయ్యాయి. ఆ చౌకదనంలో కొంత భాగాన్ని నక్కవాగు ఒడ్డు జనం తమ భూమితో, ఆరోగ్యంతో కట్టారు.

నగరానికి మరో చిక్కు ఉంది. 1965 నుంచి హైదరాబాద్ మంజీర నీరు తాగుతోంది. నక్కవాగు కాలుష్యం అదే నదిలో కలిసేది. దీనికి దొరికిన పరిష్కారం 18 కిలోమీటర్ల పైపులైను. పటాన్‌చెరులో శుద్ధిచేసిన వ్యర్థజలాన్ని నగర మురుగు కాలువలో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు 2009లో అమలుకొచ్చింది. అంబర్‌పేట కేంద్రం ఇళ్ల మురుగు కోసం కట్టినది, మందుల రసాయనాలను విరిచేందుకు కాదు. పైగా మంజీర గోదావరికి ఉపనది, మూసీ కృష్ణకు ఉపనది. అంటే ఒక నదీ పరీవాహకంలోని కాలుష్యాన్ని గొట్టం వేసి ఇంకో పరీవాహకానికి మళ్లించారు. నక్కవాగుకు కొంత ఊరట దక్కింది, మూసీ దిగువ ఊళ్లకు భారం పెరిగింది.

హుస్సేన్‌సాగర్ విషయంలోనూ అదే జరిగింది. 2006లో జపాన్ రుణంతో మొదలైన ప్రక్షాళన పథకంలో ప్రధానమైన పని కూకట్‌పల్లి నాలా మురుగును చెరువులో పడకుండా మళ్లించడం. మళ్లిన మురుగు చివరికి చేరేది మూసీకే.

నగరం దాటాక మూసీ మీద కత్వలు (చిన్న ఆనకట్టలు) కట్టి కాలువల ద్వారా పొలాలకు నీరు పారించడం నిజాం కాలం నుంచీ ఉంది. పీర్జాదిగూడ, ప్రతాపసింగారం, ఏదులాబాద్, పిల్లాయిపల్లి ప్రాంతాల్లో ఈ నీటితోనే వరి, పశువుల గడ్డి పండిస్తారు. నగరం పెరిగేకొద్దీ ఈ మురుగు ఏడాది పొడవునా ఆగని నీటివనరైంది. రైతులు దాన్ని వదులుకోలేరు, మెచ్చుకోలేరు. బురదలో దిగి నాట్లేసే, గడ్డి కోసే కూలీల్లో ఎక్కువమంది ఆడవాళ్లు, దళితులు. చర్మవ్యాధులు ముందు వచ్చేది వీళ్లకే. ఆ గడ్డి మేసిన బర్రెల పాలు తిరిగి నగరానికే వస్తాయి.

చెత్త కథ కూడా వేరుగా లేదు. సికింద్రాబాద్‌కు ఈశాన్యంగా ఉన్న జవహర్‌నగర్‌లో దశాబ్దాలపాటు నగరం చెత్త గుట్టలుగా పేరుకుంది. గుట్టల నుంచి ఊరిన నల్లటి నీరు పక్కనే ఉన్న మల్కారం చెరువును పాడుచేసింది. గుట్టల మీద మట్టి కప్పారు, 2020లో చెత్తతో కరెంటు తీసే కేంద్రం మొదలుపెట్టారు. అయినా వాసన, ఊటనీరు మీద చుట్టుపక్కల కాలనీల ఫిర్యాదులు ఆగలేదు.

ఊరి నడుమ నాలా ఒడ్డుల మీద ఉండేదీ పేదలే. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన పడినప్పుడు, 2020 అక్టోబరు వరదల్లో మళ్లీ, నాలాల పక్క బస్తీలు నీట మునిగాయి. 2024లో మూసీ సుందరీకరణ పేరిట సర్వే మొదలైనప్పుడు చాదర్‌ఘాట్ పరిసరాల్లో నదిగర్భంలో ఉన్న ఇళ్లకు ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. కొన్ని కుటుంబాలను డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు తరలించారు. నది మురికిగా ఉన్నన్నాళ్లూ దాని ఒడ్డు పేదవాడిది. శుభ్రం చేస్తామన్ననాడు ముందుగా లేవాల్సిందీ అతనే.

పరిశ్రమలను అవుటర్ రింగ్ రోడ్డు అవతలికి పంపాలన్న ప్రభుత్వ విధానం కూడా ఇదే బాటలో నడిచింది. యాచారం మండలంలో తలపెట్టిన ఫార్మాసిటీకి భూములివ్వబోమని మేడిపల్లి, నానక్‌నగర్, తాటిపర్తి, కుర్మిద్ద రైతులు ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడారు. 2024 నవంబరులో వికారాబాద్ జిల్లా లగచర్లలో ఫార్మా భూసేకరణపై లంబాడా, దళిత రైతుల ప్రతిఘటన అరెస్టుల దాకా వెళ్లింది. ఆ నెలాఖరున ప్రభుత్వం ఫార్మా నోటిఫికేషన్‌ను ఉపసంహరించి, పారిశ్రామిక పార్కు కోసమంటూ మళ్లీ భూసేకరణకు పూనుకుంది. పటాన్‌చెరు అనుభవం ఈ రైతుల వాదనలో ప్రతిసారీ సాక్ష్యంగా నిలిచింది.

1982లో అమెరికాలోని వారెన్ కౌంటీలో నల్లజాతివారు తమ ఊళ్లో విషవ్యర్థాల గొయ్యి వద్దని రోడ్డుకు అడ్డంగా పడుకున్నారు. పర్యావరణ న్యాయ ఉద్యమం ఆ పోరాటంతో ఊపందుకుంది. అక్కడ జాతి చేసిన పని ఇక్కడ కులం, భూమి, ఊరు నగరానికి ఏ వైపున ఉందన్న సంగతి కలిసి చేశాయి. పికెట్ నాలా నుంచి లగచర్ల దాకా కనిపించేది ఒకటే: కాలుష్యాన్ని పుట్టిన చోట ఆపడానికి పెట్టిన ఖర్చు తక్కువ, దాన్ని ఇంకో చోటికి పంపడానికి పెట్టింది ఎక్కువ. వ్యర్థం పుట్టిన కర్మాగారం గేటు లోపలే దాన్ని శుద్ధి చేయించి, నష్టపోయిన కూలీని కూడా పరిహారం లెక్కలో చేర్చేదాకా ఎన్ని నదులు శుభ్రం చేసినా అది మురుగు దారి మార్చడమే అవుతుంది.