దుప్పికొమ్ము పిడి

మా తాతగారి చాకు ఇప్పుడు నా దగ్గరుంది. అలుగు మీద షెఫీల్డ్ అని ఉంటుంది. బి.ఏ.లో చదివిన చాసర్ కథలో మిల్లరు మేజోడులో దోపుకున్నదీ ఆ ఊరి కత్తే. మా మామ్మ మడిలో నైవేద్యానికి పళ్ళు దీంతోనే కోసేది. "ఎముక కాదే, దుప్పికొమ్ము. ఏటా అదే రాల్చేస్తుంది, హింస లేదు" అనేది.

మాట నిజమే. మన అడవుల్లో కణుజులు రాల్చిన కొమ్ములు ఓడలెక్కి ఇంగ్లండులోని షెఫీల్డ్ చేరి పిడులయ్యేవి. కానీ కొమ్ము ఖరీదు. అందుకని పశువుల కాలి ఎముకను పలకలుగా కోసి, కొమ్ములా గరుకు తేలేలా గాట్లు పెట్టి, రంగు పట్టించేవారు. ఆ రంగుల్లో ఒకటేమిటనుకున్నారు? పొటాషియం పర్మాంగనేటు! 1890ల నుంచి కలరా వస్తే మన బావుల్లో వేసిన మందే. నీళ్ళలో ఊదాగా ఉంటుంది, ఎముకకి పట్టాక గోధుమరంగుకి తిరుగుతుంది. మన వేళ్ళకంటినా అంతేగా! మెరుగు పెట్టేసరికి గట్ల మీద తేనెరంగు, గాట్ల అడుగున ముదురు రంగు.

మొన్న పిడి ఎండి బీటలిస్తుందేమోనని రెండు చుక్కలు నూనె రాస్తూ భూతద్దంలో చూశాను. గాట్లన్నీ ఒకే వెడల్పు, లెక్కపెట్టి చెక్కినట్టు. బొటనవేలు ఆనే చోట రంగు పోయి, ఆ తెలుపులో సూదిమొనంత చుక్కలు, సన్నని గీతలు. ఒకప్పుడు నెత్తురు పారిన దారులు.

ఎముకే. ఏ పశువుదో అడక్కండి.

నిన్న పూజవేళ అమ్మ ఆ చాకే అడిగింది. ఇచ్చాను. అరటిపండు కోసి, పిడి కొంగుతో తుడిచి, "తడి తగలనీయకే, దుప్పికొమ్ము" అంది.

"అలాగేనమ్మా" అన్నాను.