కత్తుల ఊరన్న పేరును మా గ్లాస్గో ఎలా పోగొట్టుకుంది

స్ట్రాత్‌క్లైడ్ యూనివర్సిటీలోనో గ్లాస్గో యూనివర్సిటీలోనో పిల్లలకు సీటు రాగానే గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో ఇక్కడున్న మా బోటివాళ్లకు ఫోన్లొస్తాయి. ఫీజులూ అద్దెలూ మాట్లాడుకున్నాక, చివర్లో గొంతు తగ్గించి అడుగుతారు: "అన్నా, అక్కడ కత్తిపోట్లు ఎక్కువటగా? పిల్లాడు రాత్రిపూట బయటికెళ్లొచ్చా?"

ఆ భయానికి ఆధారం ఉంది. ఇరవై ఏళ్ల కిందట పత్రికలు ఈ ఊరిని 'ఐరోపా హత్యల రాజధాని' అని రాశాయి. 2004-05లో స్కాట్లండ్ మొత్తం మీద 137 మంది హత్యకు గురయ్యారు. ఆ చావుల్లో ఎక్కువ భాగం కత్తిపోట్లే, అందులోనూ గ్లాస్గో వాటా పెద్దది. 2022-23కి వచ్చేసరికి దేశమంతటా కలిపి ఆ సంఖ్య 52. పోల్చి చూడదగ్గ లెక్కలు మొదలైన 1976 నుంచి అప్పటిదాకా అంత తక్కువ ఎన్నడూ లేదు. ఈ రెండు అంకెల మధ్య జరిగిన పని మా ఊరి చరిత్రలో గర్వంగా చెప్పుకోవలసిన అధ్యాయం. అయితే ఆ పని విలువ తెలియాలంటే అంతకుముందు దశాబ్దాలుగా ఈ ఊరు కత్తితో ఎలా తలపడిందో, ఎక్కడెక్కడ ఓడిందో తెలియాలి.

రేజర్ల కాలం

క్లైడ్ నది ఒడ్డున ఓడలు కట్టి బతికిన ఊరు ఇది. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక ఆర్డర్లు పడిపోయాయి. యార్డుల్లో పనిలేని యువకులు వీధి మలుపుల్లో నిలబడ్డారు. తూర్పున బ్రిడ్జ్‌టన్‌లో, నదికి దక్షిణాన గోర్బల్స్‌లో టెనిమెంట్లనే రాతి మేడలుండేవి. వాటిలో ఒకటి రెండు గదుల్లోనే కుటుంబాలకు కుటుంబాలు కాపురముండేవి.

1920లలో బ్రిడ్జ్‌టన్‌లో బిల్లీ ఫుల్లర్టన్ అనే అతను 'బిల్లీ బాయ్స్' ముఠా కట్టాడు. వాళ్లు ప్రొటెస్టెంట్లు. ఆ పేటలోనే నార్మన్ స్ట్రీట్ అడ్డాగా 'నార్మన్ కాంక్స్' అనే కాథలిక్కుల ముఠా ఉండేది. ఇరువర్గాల జేబుల్లోనూ గడ్డం గీసుకునే రేజరే ఆయుధం. 1935లో వచ్చిన 'నో మీన్ సిటీ' నవల గోర్బల్స్ రేజర్ ముఠాలను ఇంగ్లిషు పాఠకులందరికీ పరిచయం చేసింది. ఆ పుస్తకం వేసిన ముద్ర ఊరి మీద చాలాకాలం చెరగలేదు.

1931లో షెఫీల్డ్ నుంచి పెర్సీ సిల్లిటో చీఫ్ కానిస్టేబుల్‌గా వచ్చాడు. తర్వాతి కాలంలో బ్రిటిష్ గూఢచారి సంస్థ ఎంఐ5కు అధిపతి అయింది ఈయనే. దెబ్బకు దెబ్బ ఆయన పద్ధతి. దిట్టమైన పోలీసులను ఏరి ముఠాల మీదికి వదిలాడు. పెద్ద ముఠాల నడుం విరిగింది. అంతలో రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. కుర్రాళ్లను సైన్యం తీసుకుపోయింది, యార్డులకు మళ్లీ పని దొరికింది. ముఠాలకు నెలవైన ఇరుకు, పేదరికం మాత్రం పోలేదు.

కౌన్సిల్ కట్టిన ఇళ్లు, కట్టని ఊళ్లు

యుద్ధం తర్వాత ఆ ఇరుకును తీసేద్దామని నగర కార్పొరేషన్ పెద్ద పనే తలపెట్టింది. టెనిమెంట్లు కూల్చి ఊరి అంచున ఈస్టర్‌హౌస్, డ్రమ్‌చాపెల్, కాసిల్‌మిల్క్, పొల్లాక్ పేర్లతో కొత్త కాలనీలు కట్టింది. ఇక్కడి జనం వాటిని 'స్కీములు' అంటారు. లోపలే స్నానాల గది, లోపలే మరుగుదొడ్డి ఉన్న ఇల్లు దొరికిందని ఆడవాళ్లు ఎంతో సంతోషించారు. ఆ సంతోషం నిజమైనది, కార్పొరేషన్ ఉద్దేశమూ మంచిదే.

కానీ ఇళ్లు కట్టినవాళ్లు ఊరు కట్టలేదు. వేల కుటుంబాలు కాపురమున్నా దుకాణాలు అరకొర. సినిమా హాలు, ఆటస్థలం, పని దొరికే చోటు ఏవీ దగ్గర్లో లేవు. అమ్మమ్మలూ మేనత్తలూ పాత పేటల్లో మిగిలిపోయారు. బడి వదలగానే పిల్లలకు వీధి తప్ప ఇంకేమీ లేదు. ఆ వీధికే పేరు పెట్టి, గోడల మీద రాసి, హద్దు గీసి కాపలా కాశారు. పక్క స్కీములోకి అడుగుపెడితే కొట్లాటే. తండ్రుల కాలంలో మతం పేరుతో నడిచిన తగువు కొడుకుల కాలానికి పిన్‌కోడు తగువైంది. ఒక కాలనీలో ఇళ్లెన్ని అన్నది ఎంత ముఖ్యమో, సాయంత్రం ఆరింటికి పద్నాలుగేళ్ల పిల్లాడు ఎక్కడుంటాడన్నదీ అంతే ముఖ్యమని ఈ ఊరికి చాలా ఆలస్యంగా అర్థమైంది.

1968లో గాయకుడు ఫ్రాంకీ వాన్ ఈస్టర్‌హౌస్ ముఠాలను కలిసి మాట్లాడాడు. ఆయన మాట మీద కుర్రాళ్లు కత్తులూ గొడ్డళ్లూ తెచ్చి చెత్తడబ్బాల్లో పడేశారు. ఆ ఫొటోలు బ్రిటన్ అంతటా వచ్చాయి. యువకుల కోసం ఈస్టర్‌హౌస్ ప్రాజెక్ట్ పేరుతో ఒక కేంద్రం కూడా ఏర్పడింది. ఒక బయటివాడు వచ్చి ఆ పిల్లలతో మర్యాదగా మాట్లాడటమే పెద్ద విషయమని ఆనాటివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అయినా అంత పెద్ద స్కీముకు ఒక్క కేంద్రం ఏపాటి?

ఏరిన కత్తులు

ఆ తర్వాత కత్తుల డబ్బాలు చాలాసార్లు వచ్చాయి. 1993లో స్ట్రాత్‌క్లైడ్ పోలీసులు 'ఆపరేషన్ బ్లేడ్' చేపట్టారు. స్వచ్ఛందంగా అప్పగించేవారికి క్షమాభిక్ష, వీధుల్లో సోదాలు, పబ్బుల మీద నిఘా అన్నీ అందులో ఉన్నాయి. రాయల్ ఇన్‌ఫర్మరీ ఆసుపత్రి అత్యవసర విభాగం వైద్యులు తమ దగ్గరికొచ్చే గాయాలు లెక్కపెట్టి చూశారు. మొదట్లో తగ్గాయి, ఏడాది తిరక్కుండానే మళ్లీ పెరిగాయి. 1994లో నగరం నడిబొడ్డున 32 సీసీ కెమెరాలు పెట్టారు. 2006 క్షమాభిక్షలో స్కాట్లండ్ అంతటా 12 వేలకు పైగా ఆయుధాలు అందాయి. అదే ఏడు కత్తి దగ్గరుంచుకున్నందుకు గరిష్ఠ శిక్షను రెండేళ్ల నుంచి నాలుగేళ్లకు పెంచారు. తర్వాత అది ఐదేళ్లయింది.

వీటిలో ఏదీ వృథా అనను. కానీ ప్రతి వంటింట్లోనూ కత్తి ఉంటుంది. పిల్లాడు దాన్ని జేబులో పెట్టుకుని గడప దాటే కారణం మారనంతకాలం, ఏరిన కత్తి స్థానంలో ఇంకోటి వచ్చి చేరుతుంది. చాలామంది పిల్లలు భయంతోనే కత్తి పట్టుకునేవాళ్లు. ఎదుటివాడి దగ్గర ఉందేమోనన్న భయం అది. సోదాలతో ఆ భయం పోలేదు. అనుమానానికి ఆధారం లేకుండానే, ఒప్పుకున్నారన్న పేరుతో జరిపే సోదాలపై విమర్శలు ముదిరి చివరకు 2017లో ఆ పద్ధతికి స్వస్తి చెప్పారు.

జబ్బుగా చూడటం

2005 జనవరిలో స్ట్రాత్‌క్లైడ్ పోలీసులు హింస తగ్గింపు విభాగాన్ని నెలకొల్పారు. దాన్ని నడిపినవాళ్లు ఇద్దరు. హత్య కేసులు దర్యాప్తు చేసి చేసి అలసిన డిటెక్టివ్ జాన్ కార్నోకన్ ఒకరు, నర్సుగా మొదలై నేర సమాచార విశ్లేషణకు వచ్చిన కారిన్ మెక్లస్కీ మరొకరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో హింస మీద ఇచ్చిన నివేదిక వాళ్లకు దారి చూపింది. కలరా వస్తే రోగికి మందిచ్చి ఊరుకోం, ఏ బావి నీళ్లు తాగాడో చూస్తాం. హింసనూ అలాగే చూడాలన్నారు. వెయ్యిమంది పోలీసులు కావాలా, పసిబిడ్డలున్న ఇళ్లకు వెళ్లి చూసే నర్సులు వెయ్యిమంది కావాలా అంటే తాను నర్సులనే కోరుకుంటానని కార్నోకన్ బాహాటంగా చెప్పాడు. ఒక హత్యల డిటెక్టివ్ నోట ఆ మాట రావడం ఊరిని ఆలోచింపజేసింది.

2008 అక్టోబరులో తూర్పు గ్లాస్గో ముఠా కుర్రాళ్లను క్లైడ్ ఒడ్డునున్న షెరిఫ్ కోర్టుకు పిలిచారు. ఆ కోర్టు ఉన్నది ఒకనాటి రేజర్ల పేట గోర్బల్స్‌లోనే. బాస్టన్, సిన్సినాటి నగరాల అనుభవం చూసి తయారుచేసుకున్న కార్యక్రమమది. ఆపకపోతే ముఠా మొత్తం మీద కేసులు పడతాయని పోలీసులు చెప్పారు. కత్తి ఏం చేస్తుందో సర్జన్ వివరించాడు. కొడుకు గాయపడితే ఇల్లు ఏమవుతుందో ఒక తల్లి చెప్పింది. చివర్లో ఒక ఫోన్ నంబరిచ్చారు. ఆ నంబరుకు చేసి, ఇక హింస మానేస్తానన్నవాడికి చదువు, పని, మద్యం మానడానికి సాయం, ఇల్లు అన్నీ ఒకేచోట చూసిపెట్టారు. ఇక్కడే నగర కౌన్సిల్ పాత్ర పెద్దది. బడులు, సామాజిక సేవ, యువజన కేంద్రాలు దాని చేతిలోనే ఉన్నాయి. 2003లో కౌన్సిల్ ఇళ్లు హౌసింగ్ అసోసియేషన్‌కు బదిలీ అయిపోయాయి గనుక వాళ్లనూ కలుపుకోవాల్సి వచ్చింది. ఒకరి ఫైలు ఇంకొకరు చూడని ఆఫీసులు ఒకే పిల్లాడి పేరు మీద కూర్చుని మాట్లాడుకోవడం కొత్త.

ఫలితం చిన్నది కాదు. 2014లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఇందులో చేరిన కుర్రాళ్లలో ఆయుధం పట్టుకున్న కేసులు 84 శాతం తగ్గాయి. చేరని ఇతర పేటల కుర్రాళ్లలో ఆ తగ్గుదల 40 శాతం. కానీ 2011లో నిధులు ముగియడంతో కార్యక్రమం కూడా ముగిసింది.

అది ముగిసినా ఊరు ఆగకపోవడానికి కారణం తక్కిన పనులు. గ్లాస్గో బడుల్లో 2001 నుంచే, ఇంట్లో ఒడిదుడుకులున్న చిన్నపిల్లల కోసం పదిమందికి మించని ప్రత్యేక తరగతులు మొదలయ్యాయి. 2007 చివర్లో కౌన్సిల్ విద్యాశాఖ బాధ్యత తీసుకున్న మౌరీన్ మెకెన్నా, పిల్లల్ని బడి నుంచి బయటికి పంపే అలవాటును ఏటేటా తగ్గించుకుంటూ వచ్చారు. బడి తోసేసిన పిల్లాణ్ణి వీధి చేరదీస్తుందని ఈ ఊరికి బాగా తెలుసు. కౌన్సిలర్లతో కూడిన లైసెన్సింగ్ బోర్డు 2006లో రాత్రి క్లబ్బుల్లో పగిలే గాజు గ్లాసుల వాడకం మీద కట్టడి పెట్టింది. వంటింటి కత్తులు కాని కత్తులు అమ్మే దుకాణాలకు కౌన్సిల్ లైసెన్సు తప్పనిసరైంది. 2008లో ముఖ శస్త్రచికిత్స నిపుణురాలు క్రిస్టీన్ గుడాల్, మరో ఇద్దరు సర్జన్లు కలిసి 'మెడిక్స్ అగైన్‌స్ట్ వయొలెన్స్' స్థాపించి బడిబడికీ వెళ్లారు.

నేనుండే డెనిస్టౌన్ పక్కనే రాయల్ ఇన్‌ఫర్మరీ. 1865లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయం కుళ్లకుండా ఆపి చూపింది ఈ ఆసుపత్రిలోనే. సరిగ్గా నూట యాభై ఏళ్లకు, 2015లో, ఇక్కడే 'నావిగేటర్' పథకం మొదలైంది. కత్తిపోటుతో వచ్చినవాడి మంచం దగ్గరికి పోలీసు కాని, డాక్టరు కాని మనిషి ఒకరు వస్తారు. వాళ్లలో కొందరు అదే జీవితం గడిపి బయటపడ్డవాళ్లు. 'ఇక చాలనిపిస్తోందా?' అని అడుగుతారు. అవునంటే ఆసుపత్రి దాటాక కూడా వెంట ఉంటారు. కుట్లు వేసి పంపిస్తే మళ్లీ అదే మలుపులో నిలబడే మనిషికి ఆ ఒక్క ఘడియలో వేరే దారి కనిపిస్తుంది.

2006 నుంచి 2011 వరకు ఐదేళ్లలో గ్లాస్గోలో 15 మంది పిల్లలు, టీనేజీ వాళ్లు కత్తులకు బలయ్యారు. తర్వాతి ఐదేళ్లలో ఒక్కరు కూడా లేరు. లండన్ మేయర్ 2018లో ఈ నమూనాను తీసుకున్నారు. 2019లో ఇంగ్లండ్, వేల్స్‌లలో 18 పోలీసు ప్రాంతాలకు ఇలాంటి విభాగాలు పెట్టారు.

ఇప్పుడు

2024, 2025లలో పదహారేళ్లు దాటని కుర్రాళ్లు ఈ ఊరి పార్కులో, వీధిలో హతమయ్యారు. పాత భయం తల్లుల మాటల్లో మళ్లీ వినిపిస్తోంది. వెంటనే కొందరు కఠిన శిక్షలు, మరిన్ని సోదాలు, కత్తుల డబ్బాలు అడుగుతున్నారు. కోపం న్యాయమైనదే. కానీ 1968, 1993, 2006లలో ఏం జరిగిందో ఈ ఊరి రికార్డుల్లో ఉంది. డబ్బాలు నిండాయి, మళ్లీ జేబులూ నిండాయి. తగ్గుదల నిలిచింది మాత్రం బడి, ఆసుపత్రి, సామాజిక సేవ, పోలీసు ఒకే పిల్లాడి గురించి ఏళ్ల తరబడి మాట్లాడుకున్నచోటే.

అది ఒకసారి చేసి చప్పట్లు కొట్టుకునే పని కాదు. కౌన్సిల్ బడ్జెట్ బిగిసినప్పుడల్లా మొదట కోతపడేది యువజన కేంద్రం గంటల మీదే, బడిలో పిల్లలతో మాట్లాడే సహాయకుల మీదే. ఆ కోత ఫలితం ఆ ఏడు కనిపించదు. ఐదారేళ్ల తర్వాత ఇన్‌ఫర్మరీ అత్యవసర విభాగంలో కనిపిస్తుంది. అప్పటికి కోత వేసినవాళ్లు ఆ కుర్చీల్లో ఉండకపోవచ్చు, పిల్లాడు మాత్రం మన పేటవాడే.

ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లం ఆ పిల్లలు మన పిల్లలు కారన్నట్టు ఉండటం సరికాదు. వాళ్లూ మన పిల్లలూ చదివేది ఒకే బళ్లో. చాలా పేటలకు కమ్యూనిటీ కౌన్సిల్ ఉంది. దాని సమావేశానికి ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, వార్డు కౌన్సిలర్‌ను నిలదీయవచ్చు. ఈసారి బడ్జెట్ చర్చకు వచ్చినప్పుడు మన పేటలో యువజన కేంద్రం వారానికి ఎన్ని సాయంత్రాలు తెరిచి ఉంటుందో అడుగుదాం. వచ్చే ఏడాదీ అదే అడుగుదాం.