హైదరాబాదు క్లోరోఫారము సంఘము

మత్తుమందు పీల్చిన రోగికి బాధ తెలియదు. ఆపద వచ్చినను తెలియదు. కావున నాతని బదులు మెలకువగా నుండవలసిన భారము వైద్యునిది. ఆ వైద్యుడు ఊపిరిని కనిపెట్టవలెనా, నాడిని కనిపెట్టవలెనా యని పందొమ్మిదవ శతాబ్దమున గొప్ప వాదము జరిగెను. ఆ వాదమున మన హైదరాబాదు నగరమునకు గల పాత్రను మనలో ననేకు లెఱుగరు.

1847లో ఎడింబరో నగరమున సింప్సను అను వైద్యుడు క్లోరోఫారమును ప్రచారమునకు దెచ్చెను. కత్తివైద్యమన్న భయమును అది చాలవఱకు బాపెను. కాని 1848 జనవరిలోనే ఇంగ్లండు దేశమున న్యూకాసిలు సమీపమున పదునైదేండ్ల బాలిక యొకతె, కాలిగోరు తీయించుకొనుటకై యీ మందు పీల్చి, కొద్ది నిమిషములలో మరణించెను. అట్టి మరణములు తరువాతను సంభవించుచునే యుండెను. ఊపిరి ముందాగునని కొందఱును, గుండెయే ముందాగునని కొందఱును వాదించిరి.

హైదరాబాదు వైద్యపాఠశాల కధ్యక్షుడైన ఎడ్వర్డు లారీ మొదటి పక్షమువాడు. ఊపిరిని జాగ్రత్తగా కనిపెట్టినచో భయము లేదనియు, నాడితో పనిలేదనియు ఆయన బోధించెను. దీనిని పరీక్షించుటకు 1888లో నిజాము ప్రభుత్వమొక సంఘమును నియమించెను. దాని తీర్పును లండనులోని ‘లాన్సెట్’ పత్రిక యంగీకరింపలేదు. అంతట ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను వేయి పౌనులిచ్చి ఆ పత్రిక ప్రతినిధినే రావించెను. 1889లో లాడర్ బ్రంటను హైదరాబాదునకు వచ్చెను. నాలుగువందలకు మించిన జంతువులపై పరీక్షలు జరిగెను. మోతాదు మించినప్పుడు ఊపిరియే ముందుగా ఆగుచుండుట చూచి, మందిచ్చువాడు ఊపిరిని మాత్రమే ప్రమాణముగా గొనవలెనని సంఘము తీర్మానించెను.

1911లో గుడ్‌మన్ లెవీ యను ఆంగ్లవైద్యుడు పిల్లులపై వేఱొక విషయము కనిపెట్టెను. మత్తు తేలికగా నున్నప్పుడే గుండె లయతప్పి, వట్టి కంపము మాత్రమే మిగిలి, హఠాత్తుగా ప్రాణము పోవచ్చునని ఋజువయ్యెను. అతిమోతాదును చూచినవారికి అల్పమోతాదులోని యపాయము కానరాలేదు.

సంఘమువారి శ్రమ వ్యర్థమని మేమనము. ఊపిరిని కనిపెట్టుమన్న మాట నేటికిని సత్యమే. ‘మాత్రమే’ యన్న మాటయే దోషము. మరణవార్త వచ్చినపుడెల్ల లారీ మందిచ్చినవాని యజాగ్రత్తనే నిందించెనుగాని తన సిద్ధాంతమును శంకింపలేదు. ఎదురుసాక్ష్యమును ముందుగానే త్రోసివేయు సిద్ధాంతమునకు దిద్దుబాటు లేదు గదా!

నేడు శస్త్రశాలలలో క్లోరోఫారము లేదు. 2008లో ప్రపంచ ఆరోగ్యసంస్థ శస్త్రచికిత్సకొక తనిఖీపట్టికను వెలువరించెను. మత్తిచ్చుటకు ముందే రోగి యెవరో, చికిత్స యే యంగమునకో, నాడిని, రక్తమునందలి ప్రాణవాయువును చూపు పల్స్ ఆక్సీమీటరు పనిచేయుచున్నదో లేదో సరిచూడవలెనని యందున్నది. ఎంత యనుభవజ్ఞుడైనను ఈ ప్రశ్నలు తప్పవు.

మన గృహస్థులు వైద్యుని ప్రశ్నించుట అమర్యాదయని తలంతురు. తమవారిని శస్త్రశాలకు పంపునపుడు, మత్తిచ్చువా రెవరు, పట్టిక ప్రకారము సరిచూచితిరా యని వినయముగా నడుగుడు. ఆసుపత్రులవారును, తమయొద్ద జరిగిన ప్రతి యకాలమరణమును దాచక విచారించి, కారణమును లిఖింతురుగాక. తరువాతి రోగికి రక్ష యా వ్రాతయందే కలదు.