లోపమునుండి పుట్టిన నాదము

ధ్వనిని పెద్దది చేయు ఆంప్లిఫయరు తనకు అందిన తరంగమును, దాని ఆకారము చెడకుండ పెంచవలెను. ఇది ఇంజనీర్ల పాత నియమము. గిటారు వాదకులు ఈ నియమమును కావలెనని తలక్రిందులు చేసిరి. తరంగమును చెడగొట్టుటకే ఒక చిన్న పెట్టెను కాలివద్ద ఉంచుకొని, మీటను పాదముతో నొక్కి వాడుచున్నారు. దానికి ఫజ్ పెడలు అని పేరు. నేడు ఆ పెట్టె చేయు పనిని కంప్యూటరు లెక్కకట్టి వినిపించుచున్నది. అయినచో అసలు పెట్టెతో ఇక పని ఉన్నదా? ఈ ప్రశ్నకు సమాధానము దాని చరిత్రలోనే కలదు.

అమెరికాలోని నాష్‌విల్ నగరమున 1960లో మార్టీ రాబిన్స్ అను గాయకుని పాటను రికార్డు చేయుచుండిరి. గ్రేడీ మార్టిన్ వాయించుచున్న బేస్ గిటారు ధ్వని బొంగురుపోయి, తుమ్మెద రొదవలె వినిపించెను. ధ్వనులను కలుపు పరికరములో ఒక భాగము చెడుటయే దానికి కారణము. అయినను ఆ ధ్వనిని తీసివేయక పాటలోనే ఉంచిరి. “డోంట్ వర్రీ” అను ఆ పాట 1961లో వెలువడి ప్రజాదరణ పొందెను. ఆ నాదము ఇతరులకును నచ్చినది. కాని చెడిన పరికరమును అందరికి పంచియిచ్చుట సాధ్యము కాదు గదా! అందుచేత రికార్డింగు ఇంజనీరు గ్లెన్ స్నాడీ, రెవిస్ హాబ్స్ అను మరొక ఇంజనీరుతో కలసి, అటువంటి లోపమునే ట్రాన్సిస్టర్లతో బుద్ధిపూర్వకముగా కలిగించు వలయమును రూపొందించెను. గిబ్సన్ కంపెనీ 1962లో దానిని మాయెస్ట్రో ఫజ్ టోన్ అను పేర విక్రయించెను. అందు మూడు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, వెరసి 3 వోల్టులనిచ్చు రెండు చిన్న బ్యాటరీలు ఉండెడివి. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందము “శాటిస్‌ఫాక్షన్” అను పాటలో వాడిన పిదప దాని కీర్తి దేశదేశముల వ్యాపించెను.

ఇచట ఒక విషయము గమనింపదగినది. మనము అసలు అనుకొనుచున్న ఆ పెట్టె తానే ఒక అనుకరణము. చెడిన పరికరమునకు అది ప్రతిరూపము.

ఫజ్ ఎట్లు కలుగును? ట్రాన్సిస్టరు తరంగమును బ్యాటరీ వోల్టేజికి మించి పెంచజాలదు. మించబోయినచో తరంగ శిఖరములు కోసివేసినట్లు చదునగును. గుండ్రని తరంగము చదరపు తరంగమును పోలును. సౌష్ఠవమైన చదరపు తరంగములో మూలస్వరముతో పాటు 3, 5, 7 రెట్ల పౌనఃపున్యముగల అనుస్వరములు, వరుసగా మూడవ, ఐదవ, ఏడవ వంతు కంపన పరిమితితో ఉండును. పై శిఖరములు, క్రింది శిఖరములు సమానముగా తెగనిచో 2, 4 రెట్ల అనుస్వరములును చేరును. చెవికి గరగరగా తోచునవి ఈ కొత్త అనుస్వరములే.

దీనిని లెక్కకట్టుటకు మార్గము లేకపోలేదు. విద్యుద్వలయములను కంప్యూటరుచే గణింపజేయు స్పైస్ అను కార్యక్రమము 1973లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున వెలువడెను. అయితే వాదకుడు తీగ మీటిన వెంటనే ధ్వని వినిపింపవలెను. సాధారణముగా కంప్యూటరు ధ్వనితరంగమును సెకండుకు 44,100 సారులు కొలుచును. అందు సగము, అనగా 22,050కి మించిన పౌనఃపున్యమును ఆ కొలతలు సరిగా చూపజాలవు. 5,000 పౌనఃపున్యముగల స్వరమును ఫజ్ చేసితిమనుకొనుడు. దాని ఏడవ అనుస్వరము 35,000. అది చెవికి వినబడనిది. కాని కంప్యూటరులో అది వెనుకకు మడతపడి, 44,100 నుండి 35,000 తీసివేయగా వచ్చు 9,100 వద్ద వినబడును. శ్రుతిలో చేరని ఈ దొంగస్వరమును తప్పించుటకు లెక్కను ఎనిమిది రెట్లు వేగముగా, సెకండుకు 3,52,800 సారులు చేయుట ఒక ఉపాయము.

ఇంతకన్న సూక్ష్మమైన చిక్కులు కూడ కలవు. 1966లో లండనులో ఆర్బిటర్ కంపెనీ ఫజ్ ఫేస్ అను పెడలును వెలువరించెను. జిమీ హెండ్రిక్స్ వాడుటచే అది ప్రసిద్ధి కెక్కినది. దానిలో ట్రాన్సిస్టర్లు రెండే. దాని ప్రవేశ అవరోధము మిక్కిలి తక్కువ. అందుచేత గిటారులోని తీగచుట్టయు, ధ్వనిని తగ్గించు మీటయు ఆ వలయములో భాగములగును. మీటను కొంచెము తగ్గించిన మాత్రమున గరగర అణగి నాదము తేటపడును. పెట్టెను మాత్రమే లెక్కించి గిటారును మరచిన ప్రతిరూపమునకు ఈ గుణము రాదు. మరియు జెర్మేనియంలో లీకేజి ప్రవాహము సుమారు ప్రతి 10 సెంటీగ్రేడు డిగ్రీలకు రెట్టింపగును. కాబట్టి వేడిమి పెరిగినకొలది ఆ పెట్టె పలుకు మారును. ఒకే రకపు ట్రాన్సిస్టర్లలో కూడ ఒకదాని వర్ధనశక్తి మరొకదానికి ఉండదు.

2019లో ఫిన్లండులోని ఆల్టో విశ్వవిద్యాలయ పరిశోధకులు మరొక త్రోవ చూపిరి. వలయమును విప్పి చూడక, పెడలులోనికి పోయిన ధ్వనిని, వెలువడిన ధ్వనిని కంప్యూటరుకు ఇచ్చి, ఆ మార్పును దానిచేతనే నేర్పించిరి. ఈ పద్ధతి చక్కగా పనిచేయును. కాని అది నేర్చునది ఏ పెట్టెను కొలిచితిమో, ఏ స్థితిలో కొలిచితిమో దానినే.

కావున పెట్టె గొప్పదా, లెక్క గొప్పదా అని వాదించుటకంటె పరీక్షించుట మేలు. ఒకే తీగధ్వనిని రెంటిగుండ పంపి, వెలువడిన తరంగములలో ఒకదానినుండి మరొకదానిని తీసివేయవలెను. ఏమియు మిగలనిచో ఆ స్థితివరకు మన లెక్క సరియైనది. ఏదేని మిగిలినచో ఆ శేషమే మనము ఇంకను గ్రహింపని భౌతికశాస్త్రము. కాని తీసివేతకు రెండు తరంగములు కావలెను. పాత జెర్మేనియం పెట్టెలు ఏటేట ముసలివగుచున్నవి. వాటిని పారవేసినచో మనకు లెక్క మిగులును గాని, ఆ లెక్క తప్పో ఒప్పో చెప్పు కొలబద్ద మిగులదు.