వైద్యంలో జన్యు పరీక్షలు

జన్యు పరీక్ష అనగా ఒక వ్యక్తి రక్తం, లాలాజలం లేదా ఇతర కణజాలం నుండి డి.ఎన్.ఏ.ను గాని, క్రోమోజోములను గాని, కొన్ని సందర్భాలలో జన్యువుల ఆదేశంపై తయారయ్యే ప్రోటీనులను గాని పరిశీలించి, వ్యాధికి కారణమయ్యే మార్పులు ఉన్నవో లేవో తెలుసుకొనే వైద్య పరీక్ష. ఒకప్పుడు కొద్ది పరిశోధనాలయాలకే పరిమితమైన ఈ పరీక్షలు నేడు నగరాలలోని సాధారణ రోగనిర్ధారణ కేంద్రాల ద్వారా కూడా లభిస్తున్నాయి. అయితే పరీక్ష చేయించుకోవడం సులభమైనంతగా దాని ఫలితాన్ని అర్థం చేసుకోవడం సులభం కాలేదు.

చరిత్ర

మానవ కణంలో 46 క్రోమోజోములు ఉంటాయని 1956లో జో హిన్ జియో, ఆల్బర్ట్ లెవాన్ వెల్లడించారు. డౌన్ సిండ్రోము గలవారిలో 21వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉంటుందని 1959లో జెరోమ్ లెజ్యూన్ బృందం ప్రకటించింది. 1960 దశకం ఆరంభంలో అమెరికాకు చెందిన రాబర్ట్ గత్రీ, నవజాత శిశువు మడమ నుండి తీసిన రక్తపు చుక్కలతో ఫినైల్‌కీటోన్యూరియా అనే వంశపారంపర్య వ్యాధిని కనుగొనే పద్ధతిని రూపొందించాడు. వ్యాధిని ముందుగా గుర్తించి ఆహార నియమాలు పాటిస్తే శిశువుకు మెదడు దెబ్బతినకుండా కాపాడవచ్చును.

1977లో ఫ్రెడరిక్ సాంగర్ బృందం ప్రకటించిన డి.ఎన్.ఏ. క్రమాన్ని చదివే పద్ధతి, 1983లో కేరీ మల్లిస్ కనుగొన్న పి.సి.ఆర్. పద్ధతి ఈ రంగానికి పునాదులు వేశాయి. మానవ జీనోము ప్రాజెక్టు 1990లో మొదలై 2003లో ముగిసింది. తరువాత వచ్చిన యంత్రాలు అనేక జన్యువులను ఒకేసారి చదవగలగడంతో ఖర్చు బాగా తగ్గింది.

రకాలు

* రోగనిర్ధారణ పరీక్ష: లక్షణాలు కనిపించిన రోగిలో వ్యాధి కారణాన్ని నిర్ధారించడానికి చేస్తారు.
* వాహక పరీక్ష: తాను ఆరోగ్యంగా ఉండి, లోపమున్న జన్యువును సంతానానికి అందించగల వ్యక్తిని వాహకుడు అంటారు. దంపతులిద్దరూ ఒకే అంతర్గత జన్యులోపానికి వాహకులైతే, ప్రతి గర్భంలోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం ఉంటుంది.
* ముందస్తు పరీక్ష: లక్షణాలు లేనివారిలో భవిష్యత్తులో రాగల వ్యాధి గురించి తెలుపుతుంది.
* గర్భస్థ శిశు పరీక్ష: తల్లి రక్తంలో శిశువు డి.ఎన్.ఏ. ఉంటుందని 1997లో డెన్నిస్ లో బృందం కనుగొన్నది. దీని ఆధారంగా చేసే రక్తపరీక్ష 2011 నుండి అందుబాటులో ఉంది. ఇది అనుమానాన్ని మాత్రమే తెలుపుతుంది. నిర్ధారణకు ఉమ్మనీటి పరీక్ష వంటివి అవసరం.
* ఔషధ స్పందన పరీక్ష: ఒక మందు ఆ వ్యక్తికి సరిపడునో లేదో తెలుపుతుంది.

ఫలితాల అర్థం

అన్ని ఫలితాలకూ ఒకే బలం ఉండదు. హంటింగ్టన్ వ్యాధికి కారణమైన జన్యువును 1993లో గుర్తించారు. ఆ జన్యువులో సి.ఎ.జి. అనే మూడక్షరాల క్రమం 40 లేదా అంతకన్నా ఎక్కువసార్లు వరుసగా వస్తే, సాధారణ ఆయుర్దాయం గల వ్యక్తికి వ్యాధి దాదాపు తప్పదు. నయం చేసే చికిత్స మాత్రం లేదు. అందువలన వ్యాధిగ్రస్తుల సంతానంలో చాలామంది పరీక్ష వద్దనుకుంటారు. తెలుసుకొనే హక్కుతో పాటు తెలుసుకోకుండా ఉండే హక్కును కూడా వైద్యనీతి గుర్తిస్తుంది.

బి.ఆర్.సి.ఎ.1 జన్యువులో హానికరమైన మార్పు గల స్త్రీకి 80 ఏళ్ళ వయసులోగా రొమ్ము క్యాన్సరు వచ్చే అవకాశం సుమారు 70 శాతం. ఇది సంభావ్యతయే గాని నిశ్చయం కాదు. అయినా తరచు పరీక్షలు, శస్త్రచికిత్స వంటి మార్గాలు ఉన్నందున ఈ సమాచారం ఉపయోగపడుతుంది.

మూడవ రకం ఫలితం "ప్రాముఖ్యం తేలని మార్పు". మార్పు కనిపించినా అది హానికరమో కాదో చెప్పలేని స్థితి ఇది. జన్యు సమాచార నిధులలో ఐరోపా సంతతివారి వివరాలే అధికంగా ఉండటం వలన భారతీయులకు ఇటువంటి ఫలితాలు ఎక్కువగా ఎదురవుతాయి. ఈ కొరతను తీర్చడానికి చేపట్టిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు, సుమారు 10,000 మంది జీనోముల సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది.

తెలుగు ప్రాంతాలలో

హైదరాబాదులోని సి.సి.ఎం.బి., సి.డి.ఎఫ్.డి. సంస్థలు జన్యు పరిశోధనకు, నిర్ధారణకు పేరుపొందినవి. నిమ్స్ ఆసుపత్రిలో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది.

సి.సి.ఎం.బి. శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్ శాస్త్రవేత్త డేవిడ్ రైక్ బృందాలు దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాల జన్యువులను పరిశీలించి 2017లో ఫలితాలు ప్రచురించాయి. కొద్దిమంది పూర్వీకుల నుండి పెరిగి, శతాబ్దాలుగా తమలో తామే వివాహాలు చేసుకున్న సమూహాలలో కొన్ని అరుదైన జన్యులోపాలు ఎక్కువగా కనిపిస్తాయని ఈ అధ్యయనం చూపింది. తెలుగువారిలో వైశ్యులు ఇందుకు ఒక ఉదాహరణ. వీరిలో బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం ఇతరులలో కన్నా సుమారు 100 రెట్లు ఎక్కువగా ఉంది.

ఈ లోపం వలన నిత్యజీవితంలో ఇబ్బంది ఉండదు. శస్త్రచికిత్స సమయంలో కండరాలను సడలించడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇచ్చినప్పుడే ప్రమాదం. కొద్ది నిమిషాలలో తగ్గవలసిన మందు ప్రభావం గంటల తరబడి నిలిచి, రోగి తనంత తాను శ్వాస తీసుకోలేడు. లోపమున్నదని ముందే తెలిస్తే మత్తు వైద్యుడు వేరొక మందు వాడుతాడు. ఇటువంటి లోపం ఒక కులపు తక్కువతనానికి గుర్తు కాదు. అంతర్వివాహాలు గల అనేక సమూహాలలో వేర్వేరు లోపాలు ఇదేవిధంగా ఉంటాయి.

కొడవలి కణ రక్తహీనత గిరిజన ప్రాంతాలలో అధికం. దీని నిర్మూలనకు కేంద్రప్రభుత్వం 2023 జూలై 1న ప్రారంభించిన జాతీయ కార్యక్రమం 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని సంకల్పించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఇందులో ఉన్నాయి.

సైప్రస్ అనుభవం

సైప్రస్ ద్వీపంలో సుమారు ప్రతి ఏడుగురిలో ఒకరు బీటా తలసేమియా వాహకులు. 1970 దశకంలో అక్కడ విస్తృతంగా పరీక్షలు మొదలుపెట్టారు. వివాహానికి ముందు పరీక్ష చేయించుకున్నట్లు ధ్రువపత్రం చూపాలని చర్చి నియమం పెట్టింది, కాని ఫలితాన్ని బట్టి వివాహాన్ని నిరాకరించలేదు. చాలామంది వాహక జంటలు వివాహం చేసుకొని గర్భస్థ పరీక్షలను ఆశ్రయించారు. తలసేమియాతో జన్మించే శిశువుల సంఖ్య దాదాపు శూన్యమైనది.

చట్టం, గోప్యత

భారతదేశంలో 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం గర్భస్థ పరీక్షలను జన్యువ్యాధులు, క్రోమోజోము లోపాలు వంటి నిర్దిష్ట కారణాలకే అనుమతిస్తుంది. శిశువు లింగాన్ని తెలపడం నేరం. అమెరికాలో 2008లో వచ్చిన చట్టం ఉద్యోగాలలోను, ఆరోగ్య బీమాలోను జన్యు వివక్షను నిషేధించింది. జీవిత బీమాకు అది వర్తించదు.

వైద్యుని ప్రమేయం లేకుండా నేరుగా ప్రజలకు పరీక్షలు అమ్మే 23అండ్‌మీ సంస్థ ఆరోగ్య నివేదికల అమ్మకాన్ని 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆపించింది. 2018లో మూడు బి.ఆర్.సి.ఎ. మార్పుల పరీక్షకు అనుమతి లభించింది. ఆ మూడూ ప్రధానంగా అష్కెనాజీ యూదులలో కనిపించేవి. కనుక అందులో "లేదు" అని వచ్చినంత మాత్రాన ఇతర మార్పులు లేవని కాదు. 2023లో ఆ సంస్థకు చెందిన సుమారు 69 లక్షల మంది ఖాతాదారుల వివరాలు అపహరణకు గురైనాయి. 2025లో సంస్థ దివాలా రక్షణ కోరింది. సంకేతపదం మార్చుకోవచ్చును గాని జన్యువులను మార్చుకోలేము. పైగా ఆ సమాచారం రక్తసంబంధీకులకు కూడా చెందినది.

జన్యు కౌన్సెలింగ్

పరీక్షకు ముందు దాని ప్రయోజనాన్ని, పరిమితులను, తరువాత ఫలితాన్ని వివరించి, నిర్ణయాన్ని ఆ కుటుంబానికే విడిచిపెట్టే ప్రక్రియను జన్యు కౌన్సెలింగ్ అంటారు. పరీక్ష చేయించుకొనేవారు ముఖ్యంగా మూడు విషయాలు అడిగి తెలుసుకోవాలి. ఫలితం వలన చికిత్స మారుతుందా? "లేదు" అని వస్తే ఏయే లోపాలు లేనట్లు? ఈ వివరాలు ఎవరి వద్ద ఉంటాయి?

ఇవి కూడా చూడండి

* జన్యువు
* డి.ఎన్.ఏ.
* తలసేమియా
* కొడవలి కణ రక్తహీనత
* మానవ జీనోము ప్రాజెక్టు