నూనెకు పక్క దారి

లారీ విడిభాగాల కొట్లలో ప్యూరోలేటర్ అన్న పేరు చూసే ఉంటారు. అదేదో కంపెనీ పెట్టినాయన ఇంటిపేరు అనిపిస్తుంది. కాదు. 'ప్యూర్ ఆయిల్ లేటర్' అన్న మూడు మాటలను కుదించి అతికిన పేరు. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్, జార్జ్ గ్రీన్‌హాల్ అనే ఇద్దరు కారుకు తొలి ఆయిల్ ఫిల్టరు చేసి దానికి పెట్టిన పేరు. శుభ్రమైన నూనె వస్తుంది, కాకపోతే కాస్త ఆగి. ఆ చివరి 'లేటర్'లోనే ఈ కథంతా ఉంది.

అప్పటిదాకా ఇంజిన్లలో వడపోత అంటే పంపు మూతి దగ్గర ఒక ఇనుప జాలీ. గులకరాళ్ళను ఆపుతుందేమో గానీ ఇసుకను ఆపదు. రోడ్లన్నీ మట్టి రోడ్లు, ఆనాటి నూనెలూ అంతంత మాత్రం. ఐదు వందల మైళ్ళకో వెయ్యి మైళ్ళకో నూనె దింపి కొత్తది పోసుకోవాల్సిందే. స్వీట్‌లాండ్‌కు అప్పటికే వడపోత యంత్రాల్లో పేరుంది. ఆయన పేరుతోనే పిలిచే ఫిల్టర్ ప్రెస్సులు చక్కెర శుద్ధి కర్మాగారాల్లో పనిచేసేవి. చక్కెర పాకంలోని మడ్డిని గుడ్డ పలకల గుండా ఒత్తిడితో వడకట్టే పనికీ, ఇంజిన్ నూనె వడకట్టే పనికీ ఆలోచనలో పెద్ద తేడా లేదు. 1924 జనవరిలో వాల్టర్ క్రైస్లర్ తన తొలి కారు క్రైస్లర్ సిక్స్‌ను న్యూయార్క్‌లో బయటపెట్టినప్పుడు దాని ఇంజిన్ పక్కన ఈ ఫిల్టరు ఉంది.

పక్కన అన్న మాట ఊరికే రాయలేదు. పంపు నెట్టిన నూనెలో చాలా భాగం నేరుగా బేరింగులకే పోయేది. కొద్ది పాయ మాత్రం విడిగా ఫిల్టరులోకి వెళ్ళి, వడకట్టుకుని, అడుగునున్న సంపులో పడేది. దీన్నే ఇవాళ బైపాస్ ఫిల్టర్ అంటున్నారు. లారీ యజమానులకు కొత్త సరుకుగా అమ్ముతున్న ఈ ఏర్పాటు నిజానికి మొట్టమొదటి ఆయిల్ ఫిల్టరు ఏర్పాటే.

ఎందుకలా పక్క దారి పట్టించారు? సన్నని వడపోత కావాలంటే నూనె నిదానంగా పోవాలి. చలికాలం తెల్లవారుజామున నూనె ఆముదంలా ఉంటుంది. అంత చిక్కటి నూనెను ముఖ్య దారిలో సన్నటి గుడ్డ అడ్డుపెట్టి ఆపితే బేరింగులు ఎండిపోతాయి. అందుకని పక్కకు తీసుకెళ్ళి, సూదిబెజ్జం లాంటి రంధ్రం గుండా కొంచెం కొంచెం వదిలారు. ఆ రంధ్రం సన్నగా ఉంటేనే ఇంజిన్‌లో ఆయిల్ ఒత్తిడి పడిపోదు. లెక్క చూడండి. సంపులో 40 లీటర్ల నూనె, పక్క దారిలో నిమిషానికి 4 లీటర్లు అనుకుందాం. పది నిమిషాల్లో నూనె మొత్తం శుభ్రపడినట్టేనా? కాదు. వడకట్టిన నూనె వచ్చి మళ్ళీ మురికి నూనెలోనే కలుస్తుంది కదా. పది నిమిషాలయ్యేసరికి ఇంకా మూడో వంతుకు పైగా నూనె ఫిల్టరు ముఖమే చూసి ఉండదు. కానీ దూరాలు పోయే లారీ ఇంజిన్ గంటల తరబడి ఆగదు. అక్కడ 'లేటర్' చెల్లుతుంది.

చెల్లని చోటూ ఉంది. ఇంజిన్‌లో ఒక లోహపు రవ్వ ఊడిందనుకోండి. అది పక్క దారి పట్టేలోపు బేరింగుల్లోంచి ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పలేం. అందుకే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కార్లలో నూనెనంతటినీ వడకట్టే ఫుల్‌ఫ్లో ఫిల్టర్లు వచ్చాయి. 1950ల నడిమికి చేత్తో తిప్పి బిగించే డబ్బా ఫిల్టర్లు వచ్చి ఆ పద్ధతిని స్థిరపరిచాయి. అయితే నూనెనంతా ఆపకుండా పంపాలి గనక ఆ జల్లెడ కళ్ళు పెద్దవి, సుమారు 25 నుంచి 40 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే అందులో సగానికి అటూ ఇటూ. బేరింగులో నూనె పొర మాత్రం చాలా చోట్ల కొద్ది మైక్రాన్లే. అంటే ఆ సందుల్లో దూరి అరగదీసే రేణువు ఈ జల్లెడను దర్జాగా దాటిపోతుంది. ఇంకో తిరకాసు: ఫుల్‌ఫ్లో ఫిల్టరు పూడుకుపోతే నూనె ఆగకుండా పక్కనుంచి వదిలే కవాటాన్ని కూడా బైపాస్ వాల్వ్ అనే అంటారు. ఒక బైపాస్ నూనెను ఫిల్టరులోకి తీసుకెళ్తుంది, ఇంకో బైపాస్ ఫిల్టరును తప్పిస్తుంది. ఒకే మాట రెండు పనులకు పెట్టడంతో షెడ్లలో ఎంత గందరగోళం పుడుతుందో మెకానిక్కులనే అడగాలి.

డీజిల్ ఇంజిన్లు అసలు గొడవంతా పైకి తెచ్చాయి. 1930లలో కాటర్‌పిల్లర్ కంపెనీ ట్రాక్టర్లకు డీజిల్ ఇంజిన్లు పెట్టింది. కొన్నాళ్ళకే పిస్టన్ రింగులు మసి, జిగురు పట్టి గాడుల్లో బిగుసుకుపోవడం మొదలైంది. అందుకు మందుగా వచ్చిందే మసిని కడిగే గుణమున్న డిటర్జెంట్ నూనె. కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ 1935లో డెలో అన్న పేరుతో అలాంటి నూనెను అమ్మకానికి పెట్టింది. బిందెలో బురద నీటికి ఇండుపగింజ అరగదీసి కలిపితే మట్టి అడుక్కి దిగిపోతుంది కదా, ఇది దానికి సరిగ్గా ఎదురు పని. మసిని ఎక్కడా దిగనివ్వదు, అంటనివ్వదు, నూనెలోనే తేలుతూ ఉంచుతుంది. రింగులు బతికాయి, నూనె నల్లబడింది. తేలే మసి రేణువు ఒక మైక్రాన్‌లో చిన్న భాగమంతే. మామూలు ఫిల్టరుకు అది కనిపించనే కనిపించదు. గుంపులు కట్టి పెద్దవైతే నూనె చిక్కబడుతుంది, అరుగుదల పెరుగుతుంది.

పాత బైపాస్ ఫిల్టర్లలో కొన్నిటికి ఈ డిటర్జెంట్ నూనె సంకటమైంది. వాటిలో చాకలి మట్టి లాంటి పీల్చే మట్టి నింపేవారు. ఆ మట్టి మురికితోపాటు నూనెలో కలిపిన మందులనూ పీల్చేసేది. అందుకని ఇంజిన్ కంపెనీలు మట్టి వద్దు, నూలు, సెల్యులోజ్, కాగితం చాలు అన్నాయి.

కాగితం అన్నాక ఫ్రాంట్జ్ సంగతి చెప్పకుండా ఉండలేను. 1950లలో కాలిఫోర్నియాలో పుట్టిన ఈ ఫిల్టరు లోపల ఉండేది బాత్‌రూముల్లో వాడే కాగితం చుట్ట. నవ్వులాట కాదు. బిగుతుగా చుట్టిన ఆ కాగితపు పొరల సందుల్లోంచి నూనెను పైనుంచి కిందికి నిలువునా పంపితే, ఏ జల్లెడా ఆపలేనంత సన్నటి మురికి అందులో చిక్కుకునేది. రెండు మూడు వేల మైళ్ళకు చుట్ట తీసి ఇంకోటి పెట్టి, పాత చుట్ట పీల్చుకున్న మేరకు కొత్త నూనె పోసేవారు. నూనె మార్చకుండా ఏళ్ళ తరబడి నడిపామని మురిసినవాళ్ళు కాగితాన్నే పొగిడారు. నా లెక్కలో సగం పేరు ఆ పోసిన కొత్త నూనెకు దక్కాలి. నూనెలోని మందులు ఖర్చైపోతుంటే వాటిని నింపింది అదే.

ఫిల్టరు మసిని, లోహపు పొడిని, ధూళిని పడుతుంది. నూనెలో పుట్టిన ఆమ్లాన్ని పట్టదు. డీజిల్‌లో గంధకం కాలినప్పుడు పుట్టే ఆ ఆమ్లాన్ని విరిచే క్షారం నూనెలో ఉంటుంది. అది తరిగిపోతే మళ్ళీ పుట్టించే ఫిల్టరు లేదు. కారి కలిసిన డీజిల్‌ను కూడా కాగితం ఆపలేదు. మరి నూనెను ఇంకెంత దూరం నడపొచ్చో తెలిసేదెలా? విజయవాడ ఆటోనగర్‌లోనైనా మరెక్కడైనా పాత పద్ధతి ఒకటే: డిప్‌స్టిక్ తీసి రెండు వేళ్ళ మధ్య నూనె రుద్ది చూడటం. డీజిల్ నూనె పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది గనక వేలికి తెలిసేది తక్కువే.

జవాబు రైలు షెడ్డులో దొరికింది. 1946లో డెన్వర్‌లో, డెన్వర్ అండ్ రియో గ్రాండ్ వెస్టర్న్ రైల్వే ప్రయోగశాలవాళ్ళు డీజిల్ రైలింజిన్ల పాత నూనెను స్పెక్ట్రోమీటరు కింద పెట్టారు. ఏ లోహం ఎంత ఉందో చూసి, ఏ భాగం అరుగుతోందో ఇంజిన్ విప్పకుండానే చెప్పగలిగారు. మన చేతికి రక్తపరీక్ష కాగితం ఇచ్చినట్టు. బైపాస్ ఫిల్టరు నూనె మార్పిడిని వెనక్కి నెట్టిందని గట్టిగా చెప్పే ఎవరైనా ఈ పరీక్ష మీదే నిలబడాలి.

1988లో జనరల్ మోటార్స్ పరిశోధకులు, నూనెలో కావాలని ధూళి కలిపి ఇంజిన్లను నడిపి చూశారు. 40 మైక్రాన్ల ఫిల్టరుతో పోలిస్తే 30 మైక్రాన్లది అరుగుదలను సగానికి తగ్గించింది, 15 మైక్రాన్లది 70 శాతం తగ్గించింది. ఫిల్టర్లు అమ్మేవాళ్ళు ఈ అంకెలను ఇప్పటికీ వాడుకుంటారు. ప్రయోగశాల ధూళి వేరు, రోడ్డు వేరు అన్నది గుర్తుంచుకుంటే చాలు.

రోడ్డు మీది లెక్క 2002 తర్వాత వచ్చింది. అమెరికాలోని ఐడహో ఫాల్స్ ఊరి నుంచి ఎడారిలో ఉన్న జాతీయ ప్రయోగశాలకు ఉద్యోగులను మోసే 11 డీజిల్ బస్సులకు, 6 పెట్రోలు కార్లకు బైపాస్ ఫిల్టర్లు బిగించారు; చాలావరకు అవి ఫ్లోరిడా కంపెనీ ప్యూరాడిన్ తయారుచేసినవి. వడకట్టడంతోపాటు నూనెను వేడిచేసి అందులోని నీటిని, కలిసిన ఇంధనాన్ని ఆవిరి చేయడం వాటి ప్రత్యేకత. బస్సులకు 12,000 మైళ్ళకోసారి సర్వీసు. ఆ సమయంలో నూనె పారబోయకుండా నమూనా తీసి, ఇరవై ఎనిమిది అంశాలు పరీక్షించి, బాగుంటే అలాగే నడిపారు. మూడేళ్ళలో బస్సులు తిరిగింది 9,82,548 మైళ్ళు. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి బస్సు 72,000 నుంచి 1,44,000 మైళ్ళు నడవాలని తేల్చారు. మన లెక్కలో ఇంచుమించు 1,16,000 నుంచి 2,32,000 కిలోమీటర్లు. హైవే మీద రాత్రింబవళ్ళు తిరిగే లారీకి అది పెద్ద దూరం కాదు. ఊళ్ళో ఇసుక తోలే బండి యజమాని మాత్రం ఆ డబ్బు ఇంకో పనికి వాడుకోవడం మేలు.

ఈలోగా ఇంజిన్లూ మారాయి. పొగ గొట్టంలోంచి కొంత పొగను వెనక్కి తిప్పి ఇంజిన్‌కే పంపే పద్ధతి రావడంతో నూనెలో మసి పెరిగింది. గంధకం తగ్గిన డీజిల్ రావడంతో ఆమ్లం తగ్గింది. కమిన్స్ ఇంజిన్లకు ఫ్లీట్‌గార్డ్ కంపెనీ రెండు వడపోతలనూ ఒకే డబ్బాలో సర్దింది. పెద్ద జల్లెడ, సన్న జల్లెడ, బయటికి కనిపించేది ఒకటే.

స్కానియా లారీల దారి వేరు. అక్కడ పక్క దారిలో కాగితం కాదు, గిరగిర తిరిగే గిన్నె ఉంటుంది. కవ్వం తిప్పితే వెన్న విడిపోయినట్టు, నూనె ధాటికే తిరిగే ఆ గిన్నెలో బరువైన మురికి గోడకు కొట్టుకుని పేరుకుంటుంది. సర్వీసుకు వచ్చినప్పుడు మెకానిక్ గిన్నె విప్పి, గోడకు అంటిన నల్లటి రబ్బరు లాంటి ముద్ద మందం కొలుస్తాడు. మరీ మందంగా ఉంటే ఈసారి బండిని తొందరగా తీసుకురమ్మని చెబుతాడు. తర్వాత కత్తితో గీకి ఆ ముద్దను డబ్బాలో వేస్తాడు.